జబ్బుపడిన బిడ్డ చదువు: ఫోనులో పాఠం, బడిలో పాఠం

మీ బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన రోజున మీ మనసులో ఒకే ప్రశ్న ఉంటుంది: నయమవుతుందా? వారం పది రోజులు గడిచి, జ్వరం తగ్గి, బిడ్డ మంచం మీద లేచి కూర్చున్న తరువాత రెండవ ప్రశ్న మొదలవుతుంది: మరి బడి సంగతి ఏమిటి? అటువంటి సమయంలో ఎవరో ఒకరు, "ఇప్పుడు అంతా ఆన్‌లైన్‌లోనే ఉంది కదా, ఇంట్లోనే చదివించండి" అని సలహా చెబుతారు. మరొకరు, "ఫోను ఇవ్వకండి, కళ్ళు పాడవుతాయి" అంటారు. ఎవరి మాట వినాలో తోచక తల్లిదండ్రులు సతమతమవుతారు.

ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆన్‌లైన్ చదువు వలన జబ్బుపడిన బిడ్డకు కలిగే మేలు ఏమిటి, బడి మాత్రమే ఇవ్వగలిగింది ఏమిటి, ఏది ఎంతకాలం వాడుకోవాలి అన్న విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆన్‌లైన్ చదువు అంటే ఏమిటి?

దూరంగా ఉండి చదువుకోవడం మనకు కొత్త కాదు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈనాడు దానిని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాము. కాలేజీకి వెళ్ళలేని ఉద్యోగులు, గృహిణులు ఎందరో దాని ద్వారా డిగ్రీలు పొందారు. అయితే వారు పెద్దవారు, తమంతట తాము చదువుకోగలిగినవారు.

చిన్నపిల్లలకు ఈ పద్ధతి పెద్ద ఎత్తున వచ్చింది 2020లో. కోవిడ్ కారణంగా ఆ సంవత్సరం మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్ళలోను, తెలంగాణలో టి-శాట్ ఛానళ్ళలోను పాఠాలు ప్రసారం చేశారు. ప్రైవేటు బడులు ఫోనులో క్లాసులు పెట్టాయి. బడులు మళ్ళీ తెరిచారు గాని, ఆ పాఠాలు, ఆ అలవాటు మిగిలాయి. జబ్బుపడిన బిడ్డకు అవి ఇప్పుడు పనికివస్తున్నాయి.

ఆన్‌లైన్ చదువు రెండు రకాలు. టీచరు చెబుతుండగా అదే సమయంలో ఫోనులో చూసేది లైవ్ క్లాసు. ముందుగా తీసి ఉంచిన పాఠాన్ని మనకు వీలైనప్పుడు చూసుకునేది రికార్డు చేసిన పాఠం. చికిత్సలో ఉన్న బిడ్డకు చాలాసార్లు రెండవదే ఎక్కువ ఉపయోగపడుతుంది. మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో పాఠం దగ్గర చిన్న నలుపు తెలుపు గళ్ళ చతురస్రం ఉంటుంది. దానిని క్యూఆర్ కోడ్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్ష యాప్‌తో దానిని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. దీనికి ఫీజు లేదు.

జబ్బుపడిన బిడ్డకు కలిగే లాభాలు

మొదటిది, అంటురోగాల నుండి రక్షణ. రక్త క్యాన్సరుకు కీమోథెరపీ తీసుకుంటున్న బిడ్డకు కొన్ని రోజులు తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో మామూలు జలుబు కూడా ప్రమాదం కావచ్చు. క్లాసులో నలభై మంది మధ్య కూర్చోవడం అప్పుడు మంచిది కాదు. ఇంట్లో ఉండి పాఠం వినడం మంచిది.

రెండవది, బిడ్డ ఓపికను బట్టి చదువుకునే వీలు. రక్తం తక్కువగా ఉన్న బిడ్డ, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న బిడ్డ అరగంటకే అలసిపోవచ్చు. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి, పడుకుని లేచిన తరువాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అర్థం కాని చోట నాలుగుసార్లు వినవచ్చు. బడిలో టీచరును అలా అడగడానికి పిల్లలు మొహమాటపడతారు.

మూడవది, ధైర్యం. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. నెలల తరబడి మందులు, సూదులు, రక్త పరీక్షల మధ్య ఉన్న బిడ్డకు లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంటే, "నేను ఇంకా ఏడవ తరగతి విద్యార్థినే" అన్న భావన కలుగుతుంది. "అమ్మానాన్నలు నన్ను చదివిస్తున్నారంటే నాకు నయమవుతుందన్న మాట" అని పిల్లలు తమలో తాము అనుకుంటారు.

బడి మాత్రమే ఇవ్వగలిగినవి

బడి అంటే పాఠం ఒక్కటే కాదు. మంచి టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూనే వెనుక బెంచీలో ఎవరికి అర్థం కాలేదో పసిగడుతుంది. బిడ్డ ముఖం చూసి మళ్ళీ చెబుతుంది. ఫోను తెర మీద ఆ ముఖం ఆమెకు సరిగా కనబడదు. రికార్డు చేసిన పాఠానికైతే ముఖం చూసే వీలే లేదు.

పక్కన కూర్చున్న స్నేహితుడు చెప్పే లెక్క, మధ్యాహ్నం అందరితో కలిసి తినే భోజనం, గంట కొట్టగానే పరుగెత్తే ఆట, చిన్న తగాదా, మళ్ళీ రాజీ ఇవన్నీ చదువులో భాగమే. ఒకటి, రెండు తరగతుల పిల్లలు అక్షరం దిద్దడం, పెన్సిలు పట్టడం, వరుసలో నిలబడడం చేతితో, చూపుతో నేర్చుకుంటారు. కాబట్టి బిడ్డ వయసు ఎంత తక్కువైతే ఆన్‌లైన్ చదువు ఉపయోగం అంత తక్కువ. తొమ్మిది, పది తరగతుల బిడ్డ కొంతవరకు సొంతంగా నెట్టుకురాగలడు. ఆరేళ్ళ బిడ్డ పక్కన పెద్దవారు కూర్చోక తప్పదు.

సర్కారు బడికి వెళ్ళే బిడ్డకు మరొక నష్టం కూడా ఉంది. ఇంట్లో ఉంటే మధ్యాహ్న భోజనం, దానితో ఇచ్చే గ్రుడ్డు పోతాయి. చికిత్సలో ఉన్న బిడ్డకు మాంసకృత్తులు చాలా అవసరం. ఆ లోటు ఇంట్లో ఎలా తీర్చాలో ఆసుపత్రిలో ఆహార నిపుణులను తప్పక అడగండి. మూత్రపిండాల జబ్బు ఉన్న బిడ్డకు ఏది పెట్టాలో, ఉప్పు ఎంత వేయాలో వారే చెప్పాలి.

ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు

కళ్ళు: తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువగా వేస్తాము. అందువలన కళ్ళు పొడిబారి మండుతాయి, తలనొప్పి వస్తుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న చెట్టునో గోడనో 20 సెకన్ల పాటు చూడమనండి. ఎప్పుడూ దగ్గరి వస్తువులే చూస్తూ, ఎండ ముఖం చూడకుండా ఇంట్లోనే ఉండే పిల్లలకు దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరు ఒప్పుకుంటే రోజుకు రెండు గంటలైనా ఆరుబయట వెలుతురులో గడపనివ్వండి. జనం లేని డాబా మీద అయినా సరే.

మెడ, నడుము: మంచం మీద పడుకుని ఫోను పైకెత్తి చూడడం, ఒళ్ళో పెట్టుకుని తల వంచి చూడడం రెండూ మంచివి కావు. నాలుగు పుస్తకాలు దొంతర పెట్టి, దానికి ఆనించి ఫోనును కళ్ళ ఎత్తులో నిలబెట్టండి. లేవలేని బిడ్డకు వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. పెద్ద తెర ఉంటే మరీ మంచిది. ఇంట్లో టీవీకి కలిపే వీలుంటే దూరం నుండి చూడవచ్చు.

నిద్ర: చికిత్సలో ఉన్న బిడ్డకు నిద్ర కూడా మందులాంటిదే. పడుకోవడానికి గంట ముందు ఫోను పక్కన పెట్టాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడే పిల్లలకు అసలే నిద్ర సరిగా పట్టదు, కోపం ఎక్కువగా వస్తుంది. ఫోను దానికి తోడైతే ఇంకా కష్టం.

శుభ్రత: ఫోనును రోజంతా అందరి చేతులూ తాకుతాయి. రోగనిరోధక శక్తి తగ్గిన బిడ్డకు ఇచ్చే ముందు ఫోను ఆపి, కొద్దిగా స్పిరిటు అద్దిన మెత్తని గుడ్డతో తుడవండి. బిడ్డ చేతులు సబ్బుతో కడిగించండి.

ఫోను ఒక్కటే: చాలా ఇళ్ళలో ఒకే ఫోను ఉంటుంది, అది నాన్నతో పాటు పనికి వెళుతుంది. ఇంటివద్ద సిగ్నల్ ఉండదు, డేటా సాయంత్రానికి అయిపోతుంది. దీనికి సిగ్గుపడకండి. క్లాసు టీచరుతో ఆ మాట చెప్పండి. ఆసుపత్రిలో వైఫై ఉంటే పాఠాలను అక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏదీ కుదరకపోతే తోటి విద్యార్థి నోటుబుక్కు వారానికి ఒకసారి తెప్పించుకుని రాయించండి. నోటుబుక్కు తెచ్చే స్నేహితుడు గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడినా మీ బిడ్డకు ఎంతో మేలు.

దారి తప్పడం: పాఠం కోసం తీసుకున్న ఫోను ఆటలోకి, ఆ తరువాత డబ్బు పెట్టే ఆటలోకి జారిపోవచ్చు. నొప్పితో ఉన్న బిడ్డను కాదనలేక మనమే వదిలేస్తాము. ఫోనును మీకు కనబడే చోటే వాడనివ్వండి. ఓటీపీ, బ్యాంకు వివరాలు బిడ్డకు అందనివ్వకండి. డబ్బు మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు, బిడ్డను ఎవరైనా వేధిస్తే 1098 నంబరుకు ఫోను చేయండి.

రోజుకు ఎంతసేపు?

2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం "ప్రజ్ఞాత" పేరుతో కొన్ని సూచనలు ఇచ్చింది. బడికి ముందు వయసు పిల్లలకు రోజుకు 30 నిమిషాలకు మించకూడదు. 1 నుండి 8 తరగతుల వారికి 30 నుండి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించకూడదు. 9 నుండి 12 తరగతుల వారికి అటువంటివి నాలుగుకు మించకూడదు. ఇవి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు చెప్పిన హద్దులు. చికిత్సలో ఉన్న బిడ్డకు ఇంకా తగ్గించుకోవచ్చు. వాంతులైన రోజున, కీమో ఇచ్చిన మరునాడు, జ్వరం ఉన్నప్పుడు చదువు మాట ఎత్తకండి. ఓపిక ఉన్న రోజున పాఠం ఒకటి చూసి, ఫోను మూసి, అదే పాఠం కాగితం మీద రాసి, మీకు చెప్పమనండి. విన్నది నాన్నమ్మకు వివరించి చెప్పగలిగితే అది వచ్చినట్లే.

ఏ జబ్బుకు ఏది మేలు?

మీ డాక్టరు మాటే చివరి మాట. అయినా సాధారణంగా పాటించే పద్ధతులు కొన్ని తెలుసుకోండి.

రక్త క్యాన్సరు: పిల్లలలో ఎక్కువగా కనబడే రకానికి చికిత్స రెండు మూడు సంవత్సరాలు సాగుతుంది. మొదటి నెలలు తీవ్రంగా ఉంటాయి, అప్పుడు ఇంటి చదువే మార్గం. తరువాత నోటి మాత్రలతో సాగే దశలో చాలామంది పిల్లలు డాక్టరు అనుమతితో బడికి వెళ్ళగలరు. మూడేళ్ళూ ఇంట్లో ఉంచనక్కరలేదు.

తలసీమియా: రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఆ రోజు పాఠం ఫోనులో చూసుకుంటే చాలు. మిగిలిన రోజులు బడికే పంపండి.

నెఫ్రోటిక్ సిండ్రోమ్: ఒళ్ళంతా వాచిన రోజుల్లో విశ్రాంతి, ఇంటి చదువు. వాపు తగ్గి, మూత్రంలో ప్రొటీను పోవడం ఆగిన తరువాత బడి, ఆట రెండూ ఉండవచ్చు.

కీళ్ళవాతపు జ్వరం: గుండెకు విశ్రాంతి అవసరమైనంతకాలం ఇంట్లో ఉండాలి. ఆ తరువాత బడికి పంపండి. మూడు వారాలకు ఒకసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజక్షను మాత్రం పరీక్షలున్నా మానకండి.

క్షయ: పిల్లల ద్వారా ఇతరులకు అంటడం సాధారణంగా తక్కువ. మందులు సరిగా పనిచేస్తూ ఉంటే సుమారు రెండు వారాల తరువాత బడికి వెళ్ళడానికి డాక్టర్లు తరచు అనుమతిస్తారు. మందులు మాత్రం చెప్పినన్ని నెలలు వాడాలి.

మూర్ఛ: "తెర చూస్తే ఫిట్స్ వస్తాయి" అని అందరికీ ఫోను, టీవీ నిషేధిస్తారు. మెరిసే వెలుగు వలన ఫిట్స్ వచ్చేది కొద్దిమందికే. మాత్ర మానడం, నిద్ర చాలకపోవడం చాలామందికి అంతకంటే పెద్ద కారణాలు. మీ బిడ్డది ఏ రకమో డాక్టరును అడగండి. బడి మాన్పించకండి.

తలకు దెబ్బ: మొదటి ఒకటి రెండు రోజులు తెర చూడడం బాగా తగ్గించాలి. తరువాత కొద్దికొద్దిగా పెంచాలి. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే వెంటనే ఆసుపత్రికి రావాలి.

కాలు విరిగి కట్టు వేసిన బిడ్డ: బిడ్డ మెదడుకు ఏ జబ్బూ లేదు. లేచి కూర్చోగలిగిన రోజు నుండే చదువు మొదలుపెట్టవచ్చు.

ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

ఇలా అనుకోండి. ఏడవ తరగతి చదివే బాబుకు తీవ్రమైన చికిత్స పూర్తయింది. "ఇక బడికి పంపవచ్చు" అని డాక్టరు చెప్పారు. కాని ఇంట్లో భయం. "ఇంతా చేసి కాపాడుకున్నాము, ఈ ఒక్క సంవత్సరం ఇంట్లోనే చదవనీ" అని నాన్నమ్మ అంటుంది. జుట్టు ఇంకా సరిగా రాలేదని బాబు సిగ్గుపడతాడు. ఫోనులో పాఠాలు ఉన్నాయి కదా అని అమ్మ ఊరుకుంటుంది. మొదటి నెల పాఠాలు వింటాడు. మూడవ నెలకు ఆటలే మిగులుతాయి. సంవత్సరం తిరిగేసరికి స్నేహితులు ఎనిమిదికి వెళ్ళిపోతారు, తనకంటే చిన్నవారితో కూర్చోలేనంటాడు. జబ్బు నయమైంది, చదువు ఆగిపోయింది.

ఇందులో ఎవరూ చెడు తలపెట్టలేదు. అందరూ ప్రేమతోనే చేశారు. కాని ఆన్‌లైన్ చదువు ఏరు దాటించే పడవ వంటిది. ఒడ్డు చేరిన తరువాత దిగాలి. ఎప్పుడు దిగాలో ముందే తెలిసి ఉంటే ఇటువంటి పొరపాటు జరగదు. కాబట్టి ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు మందుల గురించి అడిగినట్లే, "బిడ్డను ఏ నెలలో బడికి పంపవచ్చు?" అని అడగండి. ఆ తేదీని కాగితం మీద రాయించుకోండి.

తిరిగి బడికి పంపేటప్పుడు

మొదటి వారం పూటబడికే పంపండి. తరువాత పూర్తిగా పంపవచ్చు. ముందురోజే మీరు వెళ్ళి హెడ్మాస్టరును, క్లాసు టీచరును కలవండి. జబ్బు పేరు, అది అంటుకునేది కాదన్న సంగతి, వాడే మందులు, మీ ఫోను నంబరు, డాక్టరు ఇచ్చిన కాగితం వారికి ఇవ్వండి.

రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న బిడ్డ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పండి: క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ గాని తట్టు గాని వస్తే అదే రోజు మాకు చెప్పాలి. మీరు అదే రోజు డాక్టరుకు చెప్పాలి. పొక్కులు వచ్చేదాకా ఆగకూడదు, ముందుగా ఇవ్వవలసిన మందు ఉండవచ్చు. కీమో తీసుకుంటున్న బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి చూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

కొందరు పిల్లలకు చికిత్స తరువాత కొంతకాలం జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. అది సోమరితనం కాదు. టీచరుకు ముందే చెబితే బిడ్డకు తిట్లు తప్పుతాయి.

తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్నలు

ఎక్కువ రోజులు రాలేదని బడి నుండి పేరు తీసివేస్తారా?
2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 సంవత్సరాల బిడ్డను ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేవరకు బడి నుండి తీసివేయకూడదు. అయినా డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి సెలవు చీటీ ముందే ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

పదవ తరగతి సంవత్సరంలో జబ్బు చేస్తే?
ముందు హెడ్మాస్టరుతో మాట్లాడండి. హాజరు విషయంలో ఆసుపత్రి కాగితాలు పనికివస్తాయి. ఆ సంవత్సరం రాయడం కుదరకపోతే ఓపెన్ స్కూలు ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు ఓపెన్ స్కూలు సొసైటీలు ఉన్నాయి. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ కూడా ఉంది. అందులో చేరితే అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు, 5 సంవత్సరాలలోపు విడతలుగా పూర్తి చేయవచ్చు.

మా బిడ్డకు తలసీమియా. ఏమైనా వెసులుబాటు ఉందా?
2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులను చేర్చారు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్టు ఉంటే పరీక్షలలో అదనపు సమయం వంటివి అడగవచ్చు. సర్టిఫికెట్టు ఎలా పొందాలో మీ డాక్టరును అడగండి.

బిడ్డ ఎవరితోనూ మాట్లాడడం లేదు. పాఠం పెట్టినా చూడడు. ఏం చేయాలి?
చదువు మాట పక్కన పెట్టి బిడ్డతో మాట్లాడండి. స్నేహితులతో వీడియో కాల్ చేయించండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టరుకు చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులో సలహా చెబుతారు. మీ మనసు బాగోలేకపోయినా ఇదే నంబరుకు చేయవచ్చు.

గుర్తుంచుకోండి

1. బడికి పోలేని రోజులకే ఫోనులో పాఠం. పోగలిగిన రోజున బడే మేలు.
2. చిన్న తరగతుల బిడ్డ పక్కన పెద్దవారు కూర్చోవాలి.
3. పాఠం చూసిన తరువాత కాగితం మీద రాయించండి.
4. కళ్ళకు విశ్రాంతి, ఆరుబయట వెలుతురు, సరిపడా నిద్ర తప్పనిసరి.
5. టీచరుతో వారానికి ఒకసారైనా మాట్లాడండి.
6. బడికి పంపే తేదీని డాక్టరును అడిగి రాయించుకోండి. ఆ తేదీ వచ్చిన తరువాత భయంతో వాయిదా వేయకండి.

ఈసారి డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నల చీటీలో బిడ్డ చదువు గురించి కూడా ఒక ప్రశ్న రాసుకోండి.